పైడితల్లి కాపుకాసిన డేగ పిల్లలు

కాళ్ళు దుప్పట్లో పెట్టుకో అమ్మడూ. ఈ కథ చెప్పేటప్పుడు నాకు కోపం వస్తుంది. మధ్యలో నా గొంతు లేస్తే నిన్ను తిడుతున్నాననుకోకు. నేను తిట్టేది ఆ గవరయ్యని.

అనగనగా ఒక ఊరు, ఆ ఊరి నెత్తిన ఒక కొండ. కొండకి ఒకవైపు గోడలాంటి నిలువు బండ. ఆ బండ మధ్యలో అరుగులాంటి చిన్న చదును. ప్రతి ఏడూ అక్కడ ఒక బైరి డేగల జంట గుడ్లు పెట్టుకునేది. పుల్లా పుడకా ఏమీ తేవు. ఆ రాతి మీదున్న కాస్త మట్టిని గీరుకుని అందులోనే పెట్టేస్తాయి.

ఆ ఊళ్ళో గవరయ్యకి పావురాల పందేల పిచ్చి. పొద్దున్నే అందరూ పావురాల్ని ఎగరేస్తారు. ఎవరి పావురం దిగకుండా ఎక్కువసేపు ఆకాశంలో ఉంటే వాళ్ళు గెలిచినట్టు. ఇంట్లో పెళ్ళాం తిన్నదో లేదో వాడికి తెలీదు, పావురం తిన్న గింజలు మాత్రం తెలుసు.

వాడి పెళ్ళాం పేరు పైడితల్లి. ఆవిడకి డేగల్ని చూడడం ఇష్టం. పొయ్యి మీద ఎసరు పడేసి, పెరట్లో నిలబడి కొండకేసి చూసేది. పెద్దది ఆడది, చిన్నది మగది. ఆడది గుడ్ల మీద కూర్చుంటే మగది వేటాడి తెచ్చేది. తెచ్చింది గూట్లో పెట్టేది కాదు, గాల్లోనే అందించేది. ఆడది ఎగురుతూనే వెల్లకిలా తిరిగి కాళ్ళతో అందుకునేది. అది మొదటిసారి చూసిన రోజు పైడితల్లి అన్నం మాడబెట్టింది.

ఆ ఏడు మూడు పిల్లలు పుట్టాయి. తెల్లగా, దూదిపింజల్లా ఉన్నాయి. అప్పుడు పైడితల్లి మొగుడితో చెప్పింది. "ఏటయ్యా, డేగ పిల్లల్ని మేపుతోంది. ఈ కొన్నాళ్ళూ పావురాల్ని ఎగరెయ్యకు."

విన్నాడా? వినలేదు. మర్నాడే తన తెల్ల పావురాన్ని ఎగరేశాడు. అది పైకి, ఇంకా పైకి పోయింది. దానికన్నా పైన డేగ ఉంది. రెక్కలు ముడిచి రాయి పడ్డట్టు పడింది. అంతే, ఆకాశంలో నాలుగు తెల్ల ఈకలు మిగిలాయి.

అప్పుడు గవరయ్య ఎవరిని తిట్టాలి? తనని తాను తిట్టుకోవాలి. కానీ పెళ్ళాం మీద పడ్డాడు. "పెరట్లో నిలబడి సూస్తూ ఒక్క కేక ఎయ్యనేదు! నువ్వూ ఆ డేగా ఒకటే! పో మీ అమ్మగారింటికి!" అన్నాడు. ఆవిడ పెట్టె వాకిట్లో పడేశాడు. ముందే చెప్పిన మనిషినమ్మా! చెప్పిందే ఆవిడ తప్పయిపోయింది. నాకు ఒళ్ళు మండిపోతుంది.

పైడితల్లి పెట్టె తీసుకుని కొండ అవతలున్న పుట్టింటికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత గవరయ్య డేగల మీద పగబట్టాడు. మొదట డప్పులు తెప్పించి బండ కింద మోగించాడు. ఊళ్ళో పసిపిల్లలు జడుసుకున్నారు, డేగ మాత్రం ఈక కూడా కదల్చలేదు.

ఆ తర్వాత ఒక దిష్టిబొమ్మ చేయించి, పైనుంచి గూటి ముందు వేలాడదీశాడు. డేగ దాన్ని రెండు రోజులు చూసింది. మూడో రోజు ఇంకో పావురాన్ని పట్టుకొచ్చి, ఆ దిష్టిబొమ్మ నెత్తి మీదే కూర్చుని ఈకలు పీక్కుంది. ఊరంతా నవ్వింది. నవ్వితే మూర్ఖుడికి కోపం రెట్టింపవుతుంది కదా.

అప్పుడు గవరయ్య, "తాడు కట్టుకుని దిగి ఆ మూడు పిల్లల్నీ బుట్టలో వేసుకొస్తాను, మెడలు విరిచేస్తాను" అన్నాడు.

ఇక్కడ జాగ్రత్తగా విను. ఆ ఊళ్ళో వాళ్ళు తేనెపట్టుల కోసం బండ దిగేవాళ్ళు. దిగేవాడి తాడు పైన ఎవరు పట్టుకోవాలంటే, వాడి బావమరిదే పట్టుకోవాలి. ఇంకెవరూ ముట్టుకోకూడదు. అన్నదమ్ములు కూడా ముట్టుకోరు. అన్నదమ్ములకి పొలం మీద ఆశ ఉండొచ్చు గానీ, తోడబుట్టినదాని పుస్తెలు తెగాలని ఏ బావమరిదీ కోరుకోడు. అదీ వాళ్ళ లెక్క.

మరి గవరయ్య బావమరిది ఎవరు? పైడితల్లి తమ్ముడు అప్పలకొండ!

సిగ్గుంటే అక్కడితో ఆగాలి. ఆగలేదు. కొండ దాటి అత్తారింటికి వెళ్ళాడు. పెళ్ళాన్ని తీసుకురావడానికి అనుకున్నావా? తాడు పట్టుకునేవాణ్ణి తీసుకురావడానికి! పైడితల్లి గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. ఆవిడ మీంచి చూపు దాటించి, "ఏరా అప్పలకొండా, తాడు పట్టాల, రా" అన్నాడు. ఎలా ఉన్నావనైనా అడగలేదమ్మా!

అప్పలకొండ చెయ్యి కర్ర మీదకి పోయింది. పైడితల్లి చేట కింద పెట్టింది. "ఎల్లరా తమ్ముడా. నానూ వస్తాను" అంది.

ముగ్గురూ కొండెక్కారు. కింద ఊరంతా చేరింది. గవరయ్య నడుముకి తాడు కట్టుకుని, బుట్ట తగిలించుకుని దిగాడు. అప్పలకొండ కాళ్ళు రాతికి తన్నిపెట్టి తాడు పట్టుకున్నాడు. పైడితల్లి అంచున కూర్చుంది.

కెక్ కెక్ కెక్ అని అరుస్తూ తల్లి డేగ లేచింది. మొదటిసారి వచ్చి తలపాగా ఎగరగొట్టింది. రెండోసారి వచ్చి నెత్తి మీద గీరింది. మూడోసారి చెవి చీల్చింది. అయినా వాడు అరుగు దాకా దిగి, ఒక పిల్లని పట్టి బుట్టలో పడేశాడు. మిగతా రెండూ వెనక్కి జరిగి, బుల్లి నోళ్ళు తెరిచి బుసకొట్టాయి.

డేగ మళ్ళీ పైకి లేచింది. అది చూసి గవరయ్య, "లాగరా! లాగు!" అని అరిచాడు.

అప్పలకొండ అక్క మొహం చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "తాడు ఒదలను బావా, భయపడకు. లాగను కూడా" అన్నాడు.

పైడితల్లి కిందకి వంగింది. "పిల్లని దాని సోట పెట్టు."

"పెట్టను! నా పావురం..."

"అయితే ఏలాడు. నాకేటీ తొందర నేదు" అని ఆవిడ కాళ్ళు చాపుకుంది.

ఎండ ఎక్కింది. డేగ ఇంకోసారి వచ్చి భుజం గీరింది. అప్పుడు గవరయ్య పిల్లని తీసి దాని చోట పెట్టాడు. "ఇంక లాగమను పైడీ!" అన్నాడు.

"నానేటి తప్పు సేసానో సెప్పు. ఆ తరవాత లాగుతాడు."

వాడు ఆలోచించాడు. ఎంత వెతికినా తప్పు దొరకలేదు. ఉంటే కదా దొరకడానికి! చివరికి గొంతు చించుకుని, "నువ్వేటీ తప్పు సెయ్యనేదు!" అని అరిచాడు. బండ ఆ మాటని పట్టుకుని సెయ్యనేదు, సెయ్యనేదు అని మళ్ళీ మళ్ళీ అంది. కింద ఊరంతా వింది. అప్పుడు ఆవిడ తమ్ముడికి సైగ చేసింది.

పైకి రాగానే గవరయ్య నెత్తురు తుడుచుకుంటూ, "ఇంటికి రా" అన్నాడు.

"పిల్లలు ఎగిరాక సూద్దాం" అంది. రోజూ అంచున కూర్చుని కాపు కాసింది. మళ్ళీ ఎవడికి ఏం బుద్ధి పుడుతుందో అని.

ఆ తర్వాత పిల్లల తెల్లదనం రాలి నల్ల ఈకలు వచ్చాయి. ఒకటి ఎగిరింది. రెండోది ఎగిరింది. మూడోది, ఆ బుట్టలో పడ్డది, కదల్లేదు. ఎలా కదులుతుందమ్మా, మనిషి చెయ్యి పడ్డాక? తల్లి ఒక పిట్టని వేటాడి తెచ్చి, కాళ్ళతో పట్టుకుని దాని ముందు నుంచి ఎగిరింది. ఇచ్చినట్టే ఇచ్చి ఇవ్వలేదు. అలా చాలాసార్లు చేసింది. ఆకలేసి, కోపమొచ్చి, అరుస్తూ ఆ పిల్ల గాల్లోకి దూకింది. దూకాక రెక్కలున్నాయని దానికి తెలిసింది. పైడితల్లి కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు పెట్టె తీసుకుని ఇంటికి వచ్చింది. గవరయ్య ఎదురొచ్చి పెట్టె అందుకున్నాడు. "కోపం పోయిందా?" అన్నాడు మెల్లగా.

"ఎక్కడికి పోద్ది? నాతోనే వచ్చింది. మా ఇద్దరికీ అన్నం పెట్టు" అంది.

వాడు వంటింట్లోకి వెళ్ళాడు. వండాడు. రెండు కంచాల్లో వడ్డించాడు. ఒకటి పైడితల్లికి, ఒకటి ఆవిడ కోపానికి. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

ఎన్నాళ్ళు పెట్టాడని అడుగుతున్నావా? ఆవిడ చాలు అనేదాకా. తొందరపెట్టడానికి వాడెవడు? నువ్వెవరు? కళ్ళు మూసుకో.

కథేమో కంచికి, డేగేమో మింటికి,
మనమేమో ఇంటికి, నిద్రేమో నీ కంటికి.