కాటుక పెట్టిన తూటా

నలభై తూటాల్లో పదకొండు రైఫిల్లోకి పోలేదు.

అసలు పోకపోవడం కాదు. ముప్పాతిక వంతు సాఫీగా జారి, ఆఖర్న ఆగిపోతున్నాయి. వెనక నుంచి తూటాను నెట్టి మూసే బోల్టు కిందికి దిగడం లేదు. బోల్టు దిగకపోతే రైఫిల్ పేలదు.

ఆ సంగతి దుకాణంలోనే బయటపడింది. బారెల్ మూతిని మూలనున్న ఇసుక బస్తా వైపు పెట్టి, ఆత్రం భీంరావు ఒక్కొక్క తూటా వేసి చూస్తుండగా తెలిసింది. ఇంకెక్కడైనా బయటపడి ఉంటే, చెప్పడానికి అతను తిరిగి వచ్చేవాడో కాదో.

భీంరావుకు నలభై అయిదేళ్లుంటాయి. అడవి శాఖవాళ్లు క్రూరమృగం ఎప్పుడు జనం మీద పడ్డా అతన్నే పిలుస్తారు. జొన్నగూడెం పరిసరాల్లో ఒక చిరుత పద్దెనిమిది రోజుల్లో ఇద్దరిని చంపింది. ఒకామె మేకలు కాసుకునేది. ఒకాయన ఇప్పపూలు ఏరుకోవడానికి పోయిన ముసలాయన. మధ్యాహ్నం రెండు గంటల బస్సు తప్పితే, ఆ వైపు మరో బస్సు మూడు రోజుల దాకా లేదు.

అది యుద్ధం నడుస్తున్న కాలం. ఓడల మీద సీమ తూటాలు రావడం ఆగి ఏడాదిన్నర అయింది. పేలిన తూటాల ఇత్తడి గొట్టాలనే ఏరుకొచ్చి, కడిగి, అచ్చులో సరిచేసి, కొత్త మందు పోసి, గుండు పెట్టి, మూతి బిగించి మళ్లీ వాడుకుంటున్నారు. ఆ అడవుల అంచున ఈ పనికి సర్కారు అనుమతి ఉన్న దుకాణం ఒకటే. అది ఉస్తాద్ జలాలుద్దీన్‌ది.

ఈ నలభై తూటాలూ మాత్రం ఉస్తాద్ చేసినవి కావు. ఆయన శిష్యుడు సదానందాచారి చేశాడు.

చారి ఆ దుకాణంలో చేరి తొమ్మిదేళ్లు. మధ్యలో ఏడాది పాటు రైల్వే వర్క్‌షాపులో పనిచేసి, వస్తూ వస్తూ ఒక వెర్నియరు కొలబద్ద తెచ్చుకున్నాడు. వెంట్రుక మందంలో తేడా ఉన్నా అది పట్టేస్తుంది. ఉస్తాద్ వాడే కొలత ఒక బర్రెకొమ్ము ముక్క. దానికి గాడి తీసి ఉంటుంది. కడిగిన ప్రతి గొట్టాన్నీ ఆయన ఆ గాడిలో పెట్టి చూసి, పొడుగున్నదాన్ని ఆకురాయితో అరగదీస్తాడు. నలభై ఉంటే నలభై. చారికి అది చాదస్తంగా కనిపించేది.

వెర్నియరు వచ్చాక కొమ్ము ముక్క గోడ మేకుకు ఎక్కింది.

దుకాణం నుంచి వెళ్లే ప్రతి తూటాల డబ్బా మీద ఉస్తాద్ నెలవంక ముద్ర ఉంటుంది. చారి తన పేరులో మొదటి అక్షరంతో ఇత్తడి ముద్ర ఒకటి చేయించుకుని రెండేళ్లుగా దాచుకున్నాడు. వారం కింద ధైర్యం చేసి అడిగాడు.

"ఉస్తాద్, భీంరావు డబ్బా మీద నా ముద్ర వేసుకోనా?"

"ఏసుకో. ఎవరొద్దన్నరు?" అన్నాడు ఉస్తాద్, తల ఎత్తకుండానే.

ఆ డబ్బా ఇప్పుడు బల్ల మీద తెరిచి ఉంది. పక్కనే ముద్ర, సిరా దిండు సిద్ధంగా ఉన్నాయి. పోని పదకొండు తూటాలు ఒక గుడ్డ మీద వరసగా ఉన్నాయి.

"గివి మొండికేసినయి తమ్మీ," అన్నాడు భీంరావు.

చారి వెర్నియరు తీసుకుని ఒకదాన్ని కొలిచాడు. అడుగు నుంచి గుండు మొన దాకా పొడుగు సరిగ్గా ఉంది. అడుగున అంచు సరిగ్గా ఉంది. గుండు మందం సరిగ్గా ఉంది. రెండోది కొలిచాడు. మూడోది కొలిచాడు. పదకొండూ కొలిచేసరికి అరగంట పట్టింది. కాగితం మీద అంకెలన్నీ ఒక్కలాగే వచ్చాయి.

అతని ముఖంలో రంగు తిరిగి వచ్చింది.

"తూటాల్లో తప్పేం లేదు," అన్నాడు. "నీ రైఫిల్లో తూటా కూర్చునే గదే ఇరుకు."

భీంరావు రైఫిల్ వైపు చూశాడు. చుట్టాన్ని ఎవరో తిట్టినట్టు ముఖం పెట్టాడు. "పన్నెండేండ్ల సంది నా దగ్గరున్నది. గిట్ల ఎన్నడు జెయ్యలే."

"అవి సీమ తూటాలు. ఇవి వేరు."

"మరి గా ఇరవైతొమ్మిది ఎట్ల పోయినయి?"

చారి విననట్టే లోపలికి వెళ్లి ఉస్తాద్ ముందు నిలబడ్డాడు. ఉస్తాద్ ఒక పాత తుపాకీ చెక్క మడమకు నూనె రాస్తున్నాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. గోళ్లలో ఇనుప నలుపు ఎప్పుడో స్థిరపడిపోయింది.

"గది గీకే సాధనం పెట్టె తాళంచెవి ఇస్తారా ఉస్తాద్? గది లోపల ఒక్క వెంట్రుక మందం గీకితే చాలు. రెండు గంటల లోపల అయిపోతుంది."

ఆ పెట్టెను ఉస్తాద్ ఎవరికీ ఇవ్వడు. తొమ్మిదేళ్లలో రెండుసార్లు తెరవడం చారి చూశాడు. కాదంటే ఏం చెప్పాలో మాటలు సిద్ధం చేసుకుని మరీ వచ్చాడు.

ఉస్తాద్ మొలతాడు నుంచి తాళంచెవి విప్పి అతని చేతిలో పెట్టాడు.

చారి రెండడుగులు వేశాడు.

"చారీ."

"ఉస్తాద్."

"గీకినంక మల్ల అతికియ్యరాదు. ఏడ గీకాల్నో ఎరికేనా?"

"గదిలో."

"గదిలో ఏడ? ముందటనా, ఎనకనా, నడుమనా?"

చారి కాగితం మీద ముప్పై మూడు అంకెలున్నాయి. ఈ ప్రశ్నకు వాటిలో ఒక్కటీ జవాబు కాదు.

"నువ్వు కొలిచినవు. మంచిదే," అన్నాడు ఉస్తాద్. "తగిలేది రైఫిల్‌కు గద బేటా. దాన్ని అడిగినవా?"

ఆయన లేచి పెరటి వరండాలోకి నడిచాడు. తుపాకీ మందు దాచే కొట్టుకూ దీపానికీ మధ్య ఆయన ఎప్పుడూ ఒక గోడ ఉంచుతాడు. పట్టపగలు ఆముదం దీపం వెలిగించి, దాని మీద ఇత్తడి పళ్లెం బోర్లించాడు. కాసేపటికి పళ్లెం లోపల మసి దట్టంగా పట్టింది. దీపం ఆర్పి, మసిలో ఒక్క బొట్టు నూనె వేసి వేలితో కలిపాడు. ఇంట్లో ఆడవాళ్లు కాటుక పట్టే పద్ధతే. పళ్లెం తెచ్చి చారి ముందు బల్ల మీద పెట్టాడు.

"పెట్టు."

"దేనికి?"

"గా పదకొండులోంచి ఒకదానికి. ఏలితోటి. అంతట పల్సగ పెట్టు."

భీంరావు మెడ చాచి చూశాడు. "ఏందిది సాబ్, తూటకు దిష్టి తగిలిందా?"

"తగిలింది," అన్నాడు ఉస్తాద్. "ఏడ తగిలిందో సూద్దాం."

చారి తూటాకు పైనుంచి కింది దాకా మసి పూశాడు. బంగారు రంగు ఇత్తడి కాకి రంగుకు తిరిగింది. వేళ్లన్నీ నల్లబడ్డాయి. బారెల్ ఇసుక బస్తా వైపే ఉందని రెండుసార్లు చూసుకుని, తూటాను గదిలోకి జార్చి, బోల్టు ఆగేదాకా నెట్టాడు. ఎప్పటిలాగే ఆగింది. నెమ్మదిగా వెనక్కి లాగి తూటాను బయటికి తీశాడు.

వెలుతురులోకి పట్టుకెళ్లి చూశాడు.

తూటా అంతా నల్లగానే ఉంది. మెడ కింద, గొట్టం వెడల్పయ్యే చోట, భుజం అంటారే అక్కడ, దారం లాంటి సన్నటి వలయం ఒకటి మెరుస్తోంది. అక్కడ మసి లేదు. రైఫిల్ దాన్ని తుడిచేసింది.

చారి ఆ చోట గోరు పెట్టి పైనుంచి కిందికి జరిపాడు. కంటికి తెలియని చిన్న ఉబ్బు గోటికి తట్టింది.

గదిలోకి సాఫీగా పోయిన తూటాల్లోంచి ఒకటి తీసి దానికీ మసి పూశాడు. వేశాడు, తీశాడు. నలుపు చెక్కు చెదరలేదు.

అడుగున కొలిచాడు, గుండు దగ్గర కొలిచాడు, పొడుగు కొలిచాడు. భుజం దగ్గర వెర్నియరు ఒక్కసారీ పెట్టలేదు. అక్కడ తప్పు పుట్టడానికి దారే లేదనుకున్నాడు. మూతి గట్టిగా బిగించినప్పుడు కింద భుజం నలిగి ఉబ్బుతుందని ఇప్పుడు చూస్తున్నాడు. బిగించే మర పిడిని తిప్పింది తనే. గుండు వదులుగా ఉందని ఎవరూ అనకూడదని ఒక పిసరు ఎక్కువ బలంతోనే తిప్పాడు.

కానీ అన్నిటినీ అంతే బలంతో తిప్పాడు. పదకొండే ఎందుకు నలిగాయి?

ఒకదాని గుండు లాగి, మందు జాగ్రత్తగా ఒంపేసి, ఖాళీ గొట్టాన్ని పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి అతని కళ్లు గోడ మేకు మీదికి వెళ్లాయి. కొమ్ము ముక్క దించి, దాని మీది దుమ్ము తుడిచి, గొట్టాన్ని గాడిలో పెట్టాడు.

పట్టలేదు. గుండుతో కలిపి కొలిచినప్పుడు బయటపడలేదు గానీ, గొట్టం పొడుగుంది.

పేలిన ప్రతిసారీ ఇత్తడి కొంచెం సాగుతుంది. ఎక్కువసార్లు పేలింది ఎక్కువ సాగుతుంది. ఇది అతనికి తెలియని విషయం కాదు. తూటాలు చేసిన రోజు వెర్నియరుతో గుట్టలోంచి నాలుగు గొట్టాలు తీసి కొలిచాడు. నాలుగూ ఒకటే రావడంతో మిగతా ముప్పై ఆరూ అంతే ఉంటాయనుకున్నాడు. ఆ నాలుగింటికీ సరిపోయేలా మర బిగించాడు. పొడుగున్నవి దాని కింద నలిగాయి.

అతను ఉస్తాద్ కోసం చూశాడు. ఉస్తాద్ అక్కడ లేడు. లోపల తుపాకీ మడమకు నూనె రాసుకుంటున్నాడు.

తాళంచెవి ఇంకా తన జేబులోనే ఉంది. చారి వెళ్లి దాన్ని ఆయన పక్కన పెట్టాడు. ఆయన దాన్ని చూడకుండానే మొలతాడుకు కట్టుకున్నాడు.

గోడ గడియారంలో పదకొండు దాటి ఇరవై నిమిషాలు.

"గీ ఇరవైతొమ్మిదితోని పోతా తియ్యి," అన్నాడు భీంరావు. "నలభై ఏం జేస్కుంట? గది ఒక్క చిరుత. ఊరేగింపు తీస్తదా?"

"ఉండు అన్నా," అన్నాడు చారి. అంతకుముందు అతన్ని అన్నా అనలేదు. "ఇరవైతొమ్మిదిలో ఒకటి చూశాను. ఇరవై ఎనిమిది చూడాలి."

"అవి పోయినయి గదా!"

"చూడాలి."

ఒక్కొక్క తూటాకూ మసి పూయడం, వేయడం, తీయడం, వెలుతురులో తిప్పి చూడడం, నూనె గుడ్డతో శుభ్రంగా తుడిచి పక్కన పెట్టడం. మొదటి పది దాటేదాకా భీంరావు విసుక్కున్నాడు. తర్వాత బీడీ కోసం బయటికి పోయాడు. తిరిగి వచ్చి, అడక్కుండానే తుడిచే గుడ్డ తను అందుకున్నాడు. ఇద్దరి చేతులూ మోచేతుల దాకా నల్లబడ్డాయి.

పదిహేడో తూటా మీద సన్నటి మెరుపు కనిపించింది. ఇరవై నాలుగో దాని మీద మరొకటి.

చారి ఆ రెండింటినీ తీసి, పోని పదకొండు పక్కన పెట్టాడు.

"గవి పోయినయి తమ్మీ," అన్నాడు భీంరావు. "నేనే ఏసిన."

"పోయాయి. రాసుకుంటూ పోయాయి."

"అయితే?"

"ఇవాళ పోయాయి. రేపు నీ చెయ్యి తొందరలో ఉంటే పోతాయో లేదో నాకు తెలియదు."

భీంరావు అతన్ని ఒకసారి తేరిపార చూసి, మళ్లీ గుడ్డ అందుకున్నాడు.

చివరి తూటా తుడిచేసరికి ఒంటి గంటా నలభై. చారి ఇరవై ఏడింటినీ డబ్బాలో పేర్చి, మూత పెట్టి, గట్టిగా అదిమి భీంరావు చేతిలో పెట్టాడు. భీంరావు రైఫిల్ భుజానికి తగిలించుకుని బస్టాండు వైపు పరుగులాంటి నడకతో పోయాడు.

అతను మలుపు తిరిగాక చారికి బల్ల మీద ముద్ర కనిపించింది. సిరా దిండు తడి ఆరిపోయింది. ముద్ర వేయనే లేదు.

ఇంకో సంగతీ అప్పుడే గుర్తొచ్చింది. మూత అదిమినప్పుడు చేతులు కడుక్కోలేదు. తెల్ల కాగితం అంటించిన మూత మీద నడిమధ్యన తన బొటనవేలు నల్లగా, గీతలతో సహా పడి ఉంటుంది.

"ఉస్తాద్, డబ్బా పాడు చేసి పంపాను," అన్నాడు.

ఉస్తాద్ తుపాకీ మడమను వెలుతురుకు పట్టుకుని చూసుకుంటున్నాడు. "డబ్బనే గద," అన్నాడు.

పంతొమ్మిది రోజుల తర్వాత భీంరావు వచ్చాడు. ఎడమ మోచేయి మీద ఎండిన గీతలు మూడున్నాయి. దుకాణం మెట్ల మీద కూర్చుని, నీళ్లు అడిగి తాగి, మామూలుగా చెప్పాడు.

"మొదటిది రాయికి తాకింది. తప్పు నాదే, తొందరపడ్డ. చిరుత నా మీదికి మల్లింది. రెండోది ఏసుకునేటందుకు గింతసేపే ఉండె." వేళ్లతో చిటిక వేశాడు. "బోల్టు దిగింది."

భీంరావు సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. వానకు తడిసి, చెమటకు నాని, మూలలు విరిగిపోయింది. మూత మీద నల్ల బొటనవేలు మాత్రం అలాగే ఉంది.

"మల్ల గావాలె," అన్నాడు. "నాకు సదువు రాదు. ఏ ముద్ర ఎవరిదో ఎరికలేదు. గీ నల్ల ఏలు ఉన్నవే గావాలె. మా పిలగాళ్లకు గూడ జెప్పిన."

చారి చేతిలో అప్పటికే తన ఇత్తడి ముద్ర ఉంది. దాన్ని కాసేపు చూసి సొరుగులో వేసి మూశాడు. మేకు మీంచి కొమ్ము ముక్క దించి బల్ల మీద పెట్టుకున్నాడు. ఇత్తడి పళ్లెం తీసుకుని పెరటి వరండా వైపు నడిచాడు.

ఉస్తాద్ చేతిలో పని ఆపలేదు. పక్కనున్న అగ్గిపెట్టెను మాత్రం ఎడమ చేత్తో అతని వైపు తోశాడు.