గీత లేని బిళ్ళ

పొద్దున్న నా వెండి కుంకుమభరిణెని ఎవరో ఇసుక పెట్టి తోమారు. ఎవరని నేను అడగలేదు. నువ్వు మాత్రం పొద్దుట్నుంచీ నా మొహం కేసి చూడటం లేదు. సరేలే, ఇటు జరుగు. కాళ్ళు దుప్పట్లో పెట్టు. అమ్మో, ఎంత చల్లగా ఉన్నాయే! ఊఁ కొడుతూ విను. ఇది నవ్వుకునే కథ కాదు, ముందే చెప్తున్నా.

అనగనగా ఒక ఊళ్ళో, పొద్దు పొడిస్తే చాలు టకటకమని సుత్తుల చప్పుడు వినిపించే ఒక కంసాలి వీధి ఉండేదిట. ఆ వీధిలో చివరింట్లో బ్రహ్మలింగం అనే వెండిపనివాడు ఉండేవాడు. మాట తక్కువ, పని ఎక్కువ. అతను మెరుగు పెట్టిన కడియంలో చూసుకుని ఆడవాళ్ళు బొట్టు దిద్దుకునేవారు. ఎంత వెతికినా వెంట్రుకంత గీత కనపడేది కాదు.

అతని పెళ్ళాం ఈశ్వరమ్మ. కూతురు అచ్చమ్మ, నీకంటే చిన్నది. ఒక వానాకాలం ఈశ్వరమ్మకి జ్వరం తగిలింది. అప్పుడు కషాయం పోశారు, తగ్గలేదు. ఆ తర్వాత తాయెత్తు కట్టారు, తగ్గలేదు. ఆ తర్వాత ఇంక ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఆవిడ పోయింది. పడుకోబోయే పిల్లకి చావుల కథలేమిటమ్మా అని మీ అమ్మ నామీద కేకలేస్తుంది. వెయ్యనీ. పిల్లలున్న ఇంటికి రానని చావు ఒట్టేమైనా పెట్టుకుందా?

అచ్చమ్మ ఏడ్చింది. అన్నం తిననంది. ఆ తర్వాత ఆకలేసి తింది. కానీ దానికి లోపల ఒక దిగులు పట్టుకుంది. ఆ రోజుల్లో ఫొటోలు లేవు కదా. అమ్మ చెయ్యి గుర్తుంది. అమ్మ జుట్టు కుంకుడుకాయ వాసన గుర్తుంది. మొహం మాత్రం రోజురోజుకీ జారిపోతోంది. కళ్ళు మూసుకుంటే నుదురు వస్తే ముక్కు రాదు, ముక్కు వస్తే నవ్వు రాదు. అమ్మ మొహం మరిచిపోతానేమోనని దానికి భయం. ఆ భయం ఎవరికి చెప్పుకోవాలో తెలీక ఎవరికీ చెప్పలేదు.

ఏడాది తిరక్కుండానే బ్రహ్మలింగం మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. తల్లి పోతే తండ్రి పినతండ్రి అన్నారు వీధిలోవాళ్ళు. నేనంత మాట అనను. పిల్లకి జడ వెయ్యడం రాక, అన్నం మాడ్చుకుంటూ ఎన్నాళ్ళు నెట్టుకొస్తాడు? కొత్తపెళ్ళాం పేరు గురవమ్మ. బీదింటి పిల్ల, నోట్లో నాలుక లేనిది. తల్లి పురిట్లోనే పోయింది గనక తల్లి మొహం ఆవిడా ఎరగదు.

ఆ వీధిలో ఒక ఆచారం ఉండేది. పసుపుకుంకాలతో పోయినావిడని పేరంటాలు అంటారు. మొగుడు మళ్ళీ పెళ్ళాడితే, ఆ పేరంటాలి పేరు చెప్పి కొత్తపెళ్ళాం మెడలో ఒక వెండి బిళ్ళ కట్టాలి. దానిమీద బొమ్మ ఉండదు, పేరు ఉండదు. అద్దంలా మెరుగు పెట్టాలి, అంతే. పోయినావిడ వచ్చి అందులో మొహం చూసుకుంటుందని వాళ్ళ నమ్మకం. గీత ఉంటే ఆవిడకి కోపం వస్తుంది. బిళ్ళ మెడలో పడేదాకా కొత్తపెళ్ళాం గడప దాటి లోపలికి రాకూడదు, పొయ్యి వెలిగించకూడదు. అందుకని గురవమ్మ తన బట్టలమూట పక్కన పెట్టుకుని వీధరుగు మీద కూర్చుంది. పక్కింటివాళ్ళు పెట్టింది తింటూ అక్కడే ఉంది.

బ్రహ్మలింగం వెండి కరిగించాడు. రేకు సాగగొట్టాడు. రూపాయంత బిళ్ళ కత్తిరించాడు. అప్పుడు అచ్చమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"నాన్నా, అమ్మ ఇంక రాదా?"

చేతిలో పనుంది. తలెత్తకుండానే అన్నాడు. "వస్తుందమ్మా. ఈ బిళ్ళ అద్దమయ్యాక ఇందులోకి వస్తుంది."

పెద్దవాళ్ళం ఇంతే, నోటికొచ్చింది చెప్పేసి మరిచిపోతాం. అచ్చమ్మ మరిచిపోలేదు. ఆ రోజంతా అక్కణ్ణుంచి కదల్లేదు.

మెరుగు పెట్టడమంటే ఇసుకేసి బరబరా రుద్దడం అనుకుంటున్నావేమో! కాదు. ముందు గరుకు రాయితో రుద్దాలి. ఆ తర్వాత నీళ్ళలో తడిపిన మెత్తటి బొగ్గుతో రుద్దాలి, రాయి పెట్టిన గీతలన్నీ పోయేదాకా. ఆ తర్వాత నున్నటి మెరుగురాయితో అదమాలి. ఒకదానికి వాడిన గుడ్డ ఇంకోదానికి వాడకూడదు. మధ్యమధ్య కుంకుడు నురగతో చేతులు కడుక్కోవాలి. ముందు అరగదీసిన పొడి ఒక్క రవ్వ మిగిలినా చివర్లో గీత పడుతుంది. గీత పడ్డాక దాన్ని పూడ్చడానికి లేదు. అదెంత లోతుంటే చుట్టూ ఉన్న వెండంతా అంత లోతుకీ అరగదియ్యాల్సిందే.

ఇంత చేసినా ఆఖరి మెరుగు రాయితో రాదనేవాడు బ్రహ్మలింగం. పాత నూలుచీర పేలికా, మనిషి ఒంటి వెచ్చదనమూ కావాలనేవాడు. అరిచేతిలో పెట్టుకుని ఓపిగ్గా రాస్తూ కూర్చునేవాడు.

సరే, గరుకు రాయి పని అయింది. బ్రహ్మలింగం భోంచేసి నడుం వాల్చాడు. అప్పుడు అచ్చమ్మ బిళ్ళ తీసి చూసింది. మసగ్గా ఉంది. ఆ మసకలో ఒక నీడ కదిలింది. అమ్మ బయల్దేరింది! ఇంకా దూరంగా ఉంది, దారిలో ఉంది. తొందరగా రప్పిద్దామని పొయ్యిలో బూడిద తెచ్చి రుద్దింది. అమ్మ గిన్నెలు అలాగే తోమేది మరి. బూడిదలో ఇసుక రవ్వలున్నాయి. బిళ్ళ నిండా గీతలు పడ్డాయి.

బ్రహ్మలింగం లేచి చూశాడు. అవి తన రాయి పెట్టిన గీతలు కావు. గరుకు రాయి అందుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు.

ఆ తర్వాత బొగ్గు పని అయింది. బ్రహ్మలింగం నీళ్ళు తేవడానికి వెళ్ళాడు. అచ్చమ్మ మళ్ళీ చూసింది. ఈసారి నీడకి నుదురు వచ్చింది. జుట్టు వచ్చింది. కళ్ళుండేచోట కళ్ళలాంటివి కూడా వచ్చాయి. అమ్మ గుమ్మం దాకా వచ్చేసింది, లోపలికి రావడమే తరవాయి! పిల్ల ఆగలేకపోయింది. దీపపు కుందులు తోమే ఇటుకపొడి తెచ్చి రుద్దింది. మళ్ళీ గీతలు.

ఇదంతా అరుగు మీంచి గురవమ్మ చూసింది. గీత పడితే నష్టం తనకే. పైగా వాన మొదలైంది, జల్లు అరుగు మీదికి కొడుతోంది. అయినా నోరు మెదపలేదు. మూటని కొంగుతో కప్పుకుని గోడకి జరిగి కూర్చుంది.

బ్రహ్మలింగం చేతిలో రెండుసార్లు బిళ్ళ చెడిందని వీధంతా తెలిసింది. "ఈశ్వరమ్మకి ఇష్టం లేదు" అన్నారు. "ఎంత మంచి మనిషి, ఎంత చల్లని చెయ్యి" అన్నారు. చచ్చినవారి కళ్ళు చారెడు. అదే ఈశ్వరమ్మతో బతికున్నప్పుడు నూతి దగ్గర చేదకోసం తగువులాడినవాళ్ళే వాళ్ళంతా. మళ్ళీ గీత పడితే గురవమ్మని పుట్టింటికి పంపించెయ్యమని పెద్దలు చెప్పేశారు. ఆ పుట్టింట్లో ఆవిడకోసం ఎవరూ ఎదురుచూడటం లేదు.

అప్పుడు బ్రహ్మలింగం బిళ్ళని కిందపెట్టకుండా కూర్చున్నాడు. రాయి అయింది, బొగ్గు అయింది, మెరుగురాయి అయింది. ఆ తర్వాత పెట్టె తెరిచి ఈశ్వరమ్మ పాతచీర తీశాడు. ఆ చీర అంచు చింపి, దాంతో ఆఖరి మెరుగు పెట్టాడు. ఒక్క గీత లేదు. బిళ్ళని పసుపూ కుంకుమా ఉన్న పళ్ళెంలో పెట్టి, కట్టే ముందు స్నానం చెయ్యాలి గనక నూతి దగ్గరికి వెళ్ళాడు.

అచ్చమ్మ ఈసారి బూడిద తేలేదు. ఇటుకపొడి తేలేదు. కుంకుడు నురగతో చేతులు కడుక్కుంది. జుట్టు తడిచేత్తో అణుచుకుంది. బొట్టు పెట్టుకుంది. అమ్మ వస్తోంది కదా! అప్పుడు రెండు చేతులతో బిళ్ళ ఎత్తి చూసింది.

అందులో ముందుపళ్ళు ఊడిన ఒక పిల్ల ఉంది. బొట్టు వంకరగా ఉంది. బిళ్ళని ఇటు తిప్పింది, అదే పిల్ల. అటు తిప్పింది, అదే పిల్ల. వెనక్కి తిప్పి చూసింది. అక్కడ ఎవరూ లేరు.

అచ్చమ్మ ఏడవలేదు. లేచి వెళ్ళి గరుకు రాయి తెచ్చుకుంది. కింద కూర్చుని, నాన్న ఎలా రుద్దుతాడో అలాగే రుద్దడం మొదలుపెట్టింది.

తడిబట్టలతో వచ్చిన బ్రహ్మలింగం అది చూశాడు. చెయ్యెత్తాడు. ఎప్పుడూ పిల్లని కొట్టినవాడు కాదు. "ఏం చేస్తున్నావే! నీకేమైనా పిచ్చి పట్టిందా?"

"నువ్వు అమ్మని తుడిచేశావు నాన్నా" అంది అచ్చమ్మ. "మసగ్గా ఉన్నప్పుడు ఉంది. గుమ్మం దాకా వచ్చింది. నువ్వు అద్దం చేశాక పోయింది. నేను మళ్ళీ పిలుస్తున్నా."

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తను అన్నమాట అప్పుడు గుర్తొచ్చింది బ్రహ్మలింగానికి. ఉన్నవాడు ఉన్నట్టే కూలబడి, పెళ్ళాం పోయినప్పుడు కూడా ఏడవని మనిషి వెక్కివెక్కి ఏడ్చాడు.

అప్పుడు గురవమ్మ లేచింది. మూట అరుగు మీదే వదిలేసి గడప దాటి లోపలికి వచ్చింది. రాకూడదు, అయినా వచ్చింది. పిల్ల పక్కన కూర్చుని అడిగింది. "చాలా? ఇంకాస్త రుద్దాలా?"

అచ్చమ్మ బిళ్ళలోకి చూసింది. మసగ్గా నీడ కదిలింది. "చాలు" అంది.

గురవమ్మ పసుపుతాడు తీసుకుని ఆ బిళ్ళని తన మెడలో తనే కట్టుకుంది. "వద్దు, గీతలున్నది కట్టుకుంటే పెద్దావిడకి కోపమొస్తుంది" అన్నాడు బ్రహ్మలింగం.

"వస్తే నామీద రానీండి" అంది గురవమ్మ. వెళ్ళి పొయ్యి వెలిగించింది.

ఆ తర్వాత రోజూ పడుకునే ముందు అచ్చమ్మ గురవమ్మ ఒళ్ళో చేరి బిళ్ళలోకి చూసేది. ఆ మసకలో అమ్మ ఉందనుకుని నిద్రపోయేది. గురవమ్మ దానికి జడ వేసింది, జ్వరమొస్తే తలదగ్గర కూర్చుంది, పెళ్ళి చేసి పంపింది. అచ్చమ్మ మాత్రం ఆవిణ్ణి పిన్నీ అనే పిలిచేది. అమ్మా అని పిలిస్తే బిళ్ళలో ఉన్నావిడ వెళ్ళిపోతుందేమోనని చిన్నప్పటి భయం. పిల్లకి ఆ భయం పోయేసరికి పిన్నీ అనడం అలవాటైపోయింది. అమ్మా అనమని గురవమ్మ ఎప్పుడూ అడగలేదు. అడగనంత మాత్రాన మనసులో లేకుండా ఉంటుందా? పెద్దయ్యాక అచ్చమ్మ బిళ్ళలోకి చూడటం కూడా మానేసింది. ఎప్పుడు మానేసిందో దానికే గుర్తులేదు.

ఏళ్ళు గడిచాయి. బ్రహ్మలింగం పోయాడు. అయినా బిళ్ళ మాత్రం గురవమ్మ మెడలోనే ఉంది. ఆ తర్వాత గురవమ్మ మంచాన పడింది. కబురందుకుని అచ్చమ్మ పరిగెత్తుకొచ్చేసరికి ఆవిడ ప్రాణం పోయింది, చాప మీదికి దించేశారు. ఒంటిమీద నగలు తియ్యాలి, అచ్చమ్మనే తియ్యమన్నారు. అచ్చమ్మ వంగి బిళ్ళ ముడి విప్పింది.

బిళ్ళ మీద ఒక్క గీత లేదు. ఇన్నేళ్ళూ పాత నూలుచీర కింద, ఒంటి వెచ్చదనానికి, ఆ మెడలో కదిలి కదిలి దానికి నాన్న చెప్పిన ఆఖరి మెరుగు వచ్చేసింది. అచ్చమ్మ అందులోకి చూసింది. నుదురు వచ్చింది. ముక్కు వచ్చింది. కళ్ళూ, పెదవులూ, అన్నీ కలిసి ఒక్కసారే వచ్చాయి. ఈశ్వరమ్మ పోయిన వయసే ఇప్పుడు అచ్చమ్మది. అచ్చం తల్లిపోలిక.

"అమ్మా!" అని కేక పెట్టింది.

ఏ అమ్మని పిలిచింది అమ్మమ్మా అంటావా? బిళ్ళలో అమ్మనో, చాప మీద అమ్మనో నాకూ తెలీదే. చాప మీదున్నావిడ మాత్రం ఆ మాట వినాలని బతుకంతా చూసింది. వినపడకుండానే పోయింది. ఆ బిళ్ళని అచ్చమ్మ తన మెడలో కట్టుకుంది. ఆచారం ఒప్పుకోదు, అయినా కట్టుకుంది.

ఏయ్, ముక్కు నా చీరకి తుడవకు. నా భరిణె మీద నీ గీతలు అలాగే ఉండనీ. రోజూ పట్టుకోగా పట్టుకోగా అవే అరుగుతాయి. ఈలోగా ఎవరినైనా ఏమైనా పిలవాలనుంటే పిలిచెయ్యి, అచ్చమ్మలా దాచుకోకు. ఇంక కళ్ళు మూసుకో.

కథ కంచికి,
బిళ్ళ మెడకి,
నిద్ర కంటికి,
నువ్వూ నేనూ మనింటికి.