పాట పాడని రెసిస్టరు

చెవికి వినపడనిదేదీ లెక్కలోకి రాదనుకునే ఉమాకాంతం అనే బీమా ఆఫీసు ఉద్యోగి తెనాలిలో ఉండేవాడు.

అతనికి పాతకాలపు వాల్వులతో ఆంప్లిఫయర్లు తయారుచేయడం పిచ్చి. గాజు వాల్వులు ఎర్రగా వెలుగుతూ ఉంటే వాటిలోంచి వచ్చే పాటకు ఇంకేదీ సాటిరాదని అతని నమ్మకం. ఆ నమ్మకంతో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా విడిభాగాలు ఎంచుకోవడంలోనే వచ్చేది. పాట నడిచే దారిలో పెట్టే కెపాసిటరు అనే ఒక్క చిన్న భాగం కోసం నెలల తరబడి వెతికేవాడు. ఒకటి పెట్టి వినేవాడు, పీకేసేవాడు, ఇంకొకటి పెట్టేవాడు. పెట్టిన ప్రతిసారీ భార్య వకుళను పిలిచేవాడు. ఆవిడ వయొలిన్ టీచరు. ఆ వీధి పిల్లల్లో సగం మందికి సరిగమలు వచ్చాయంటే అది ఆవిడ చలవే.

"నీ కచేరీ రికార్డే పెట్టాను, విను. ఈసారి తీపి పెరిగిందా?" అనేవాడు.

పొయ్యి మీద పప్పు మాడుతున్నా ఆవిడ వచ్చి వినేది. "పెరిగినట్టే ఉందండీ," అనేది. ఆవిడకు తేడా తెలిసిందో లేదో దేవుడికెరుక. మొగుడి మొహం చూసి కాదనలేకపోయేది.

ఒకసారి అతను కొత్త ఆంప్లిఫయరు కట్టడం మొదలుపెట్టాడు. దాని లోపల రెండు పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. అవి డాబా మీది నీళ్ళ ట్యాంకుల్లాంటివి. ప్లగ్గు పీకేసినా వాటిలో వందల వోల్టుల కరెంటు నిండే ఉంటుంది. దాన్ని నెమ్మదిగా ఖాళీ చేయడానికి వాటి పక్కన ఒక లావుపాటి రెసిస్టరు పెట్టాలి. ఆ రెసిస్టరుకు అదొక్కటే పని. ఉమాకాంతం దాన్ని కొన్నాడు గానీ, బిస్కెట్ల డబ్బాలో పడేశాడు.

"కొన్నారు కదా, పెట్టలేదేం?" అని వకుళ అడిగింది.

"దానికి పాటతో పనిలేదు. ఊరికే వేడెక్కుతూ కూర్చుంటుంది."

"మరి పెట్టమని ఎందుకన్నారట?"

"ఆపేశాక లోపల మిగిలిన కరెంటు ఖాళీ అవడానికి. ఆ పని వేడిగా ఉన్న వాల్వులు ఎలాగూ చేస్తాయి. నాకు తెలుసులే," అన్నాడు.

అతనికి నిజంగానే తెలుసు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఒక శనివారం అతనికి సెలవు. వోల్టేజి ఎంత వస్తోందో చూద్దామని వాల్వులన్నీ ఊడదీసి, ఆంప్లిఫయరును భోజనాల బల్ల మీద బోర్లించాడు. అడుగు రేకు విప్పి, ప్లగ్గు పెట్టి, మీటరు చూసుకుని, ప్లగ్గు తీసేశాడు. సరిగ్గా అప్పుడే బెజవాడ నుంచి ఫోను వచ్చింది. అతను ఎన్నాళ్ళుగానో అడుగుతున్న కెపాసిటర్లు దుకాణానికి వచ్చాయట, ఒక్క జతే ఉందట. ఉమాకాంతం చొక్కా గుండీలు దారిలో పెట్టుకుంటూ స్టేషనుకు పరుగెత్తాడు.

దుకాణంలో ఆ జతను వేళ్ళ మధ్య తిప్పి చూస్తున్నాడు. మురిపెం ఇంకా తీరలేదు. పక్కనే దుకాణదారు ఒక పాత కెపాసిటరును పరీక్షిస్తూ, దాని రెండు కాళ్ళకూ స్క్రూడ్రైవరు ఆనించాడు. టప్పుమని నిప్పురవ్వ లేచింది.

"కరెంటు తీసేసి గంటయింది. ఇంకా ఎలా ఉందో చూడండి," అని నవ్వాడు దుకాణదారు.

ఉమాకాంతం నవ్వలేదు. ఇంటి దగ్గర వాల్వులు తువ్వాలు మీద పడుకుని ఉన్నాయి, రెసిస్టరు బిస్కెట్ల డబ్బాలో ఉంది. కెపాసిటర్లలోని కరెంటును ఖాళీ చేసేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

వకుళకు ఫోను చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. శనివారం మధ్యాహ్నం పిల్లలు పాఠానికి వస్తారు. వాళ్ళు వయొలిన్ పెట్టెలు ఆ బల్ల మీదే పెడతారు. వాళ్ళు వచ్చేలోగా వకుళ బల్ల ఖాళీ చేసి తుడుస్తుంది. దుమ్ము కనిపిస్తే తుడవకుండా పక్కకు వెళ్ళలేని మనిషి. కొత్త కెపాసిటర్లు దుకాణం బల్ల మీదే వదిలేసి బయటికి నడిచాడు. దుకాణదారు వెనకనుంచి పిలుస్తున్నా వినిపించుకోలేదు.

పాసింజరు బండి కృష్ణా కెనాల్ స్టేషను దగ్గర ఆగిపోయింది. ఏదో ఎక్స్‌ప్రెస్సుకు దారి ఇవ్వాలట. ఉమాకాంతం తలుపు దగ్గర నిలబడి ఫోను చేస్తూనే ఉన్నాడు. పక్కింటి మస్తాన్‌బీకి చెబుదామంటే, ఇన్నేళ్ళు గోడ పక్కన ఉండి కూడా ఆవిడ నంబరు రాసుకోలేదు. ఒక చెయ్యి తగిలితే బతుకుతుంది. రెండు చేతులూ వేసి ఎత్తితే ఆ కరెంటు గుండెలోంచి పోతుంది. ఆ పైన ఆలోచించలేకపోయాడు. ఒక దేవుడికి మొక్కుకున్నాడు, చాలదేమోనని ఇంకో దేవుడికీ మొక్కుకున్నాడు. బండి మాత్రం కదలలేదు.

చివరికి ఇంటి సందులోకి వచ్చేసరికి గుమ్మం ముందు పిల్లల చెప్పులు కనిపించాయి. లోపల్నుంచి వయొలిన్ మోత లేదు. శనివారం ఆ వేళకు ఆ ఇంట్లో పాఠం వినపడకపోవడం ఎన్నడూ లేదు. వినపడనిది లెక్కలోకి రాదనుకున్న మనిషి ఆ నిశ్శబ్దం విని గుమ్మం వైపు పరుగెత్తాడు.

మస్తాన్‌బీ ఎదురొచ్చింది. "వకుళమ్మ ఫోను ఇంట్లోనే ఉండిపోయిందయ్యా. మా అబ్బాయి ఆవిడను డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. బల్ల మీది పెట్టె ముట్టుకుని గోడకెళ్ళి పడింది," అంది.

వీధి చివర ఆసుపత్రికి పరుగెత్తాడు. వకుళ బెంచీ మీద కూర్చుని ఉంది. నుదుటి మీద బొప్పి కట్టింది. ఎడమచేతి రెండు వేళ్ళకు కట్టు. వయొలిన్ తీగల మీద నడిచే వేళ్ళు అవి.

అతన్ని చూడగానే ఆవిడే తప్పు చేసినట్టు, "ప్లగ్గు తీసి ఉందో లేదో చూశాకే ముట్టుకున్నానండీ. తీసే ఉంది," అంది.

ఉమాకాంతానికి ఏడుపు ఆగలేదు. "నీ తప్పేం లేదు. లోపల కరెంటు దాచిపెట్టి పోయింది నేను," అన్నాడు.

"రెండో చేతిలో తుడుపుగుడ్డ ఉండబట్టి సరిపోయింది," అన్నాడు డాక్టరు. "ఆ చెయ్యి కూడా వేసి ఉంటే, మీరు ఇప్పుడు వేరే కబురు వినేవారు."

ఆ ఏడు దసరాల్లో వకుళ కచేరీ జరగలేదు. పిల్లలకు నోటితో పాడి పాఠం చెప్పింది. ఉమాకాంతం ఆ రోజు ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే బిస్కెట్ల డబ్బా బోర్లించి ఆ లావుపాటి రెసిస్టరును వెతికి తీశాడు. దాన్ని బిగించాడు, అడుగు రేకు మూసేశాడు, ఆంప్లిఫయరును అలమారలో పెట్టాడు. వకుళ వేళ్ళు మానేదాకా దాన్ని బయటికి తియ్యలేదు.

కట్టు విప్పిన తరవాత ఆవిడను పిలిచి పాట పెట్టాడు. వకుళ అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని వింది.

"నిజం చెప్పమంటారా? నాకేం తేడా తెలియలేదు," అంది. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ మాట అనడం అదే మొదటిసారి.

"తేడా ఉండదు. ఈ రెసిస్టరు నీ వేళ్ళ కోసం పెట్టాను," అన్నాడు.

పాట ఆపాడు. వాల్వులు చల్లారాక వాటిని ఊడదీసి, ఆ శనివారం లాగే ఒక్క క్షణం ప్లగ్గు పెట్టి తీసేశాడు. మీటరు తగిలించి ఆవిడకు చూపించాడు. ముల్లు పైకి లేచి, మెల్లగా దిగుతూ వచ్చి సున్నా దగ్గర ఆగింది. ముందు తన చెయ్యి వేశాడు. అప్పుడు వకుళ తుడుపుగుడ్డ తీసుకుని, ఎడమచేత్తో ఆంప్లిఫయరును పట్టుకుని, దాని మీది దుమ్ము శుభ్రంగా తుడిచింది.

మన చేత్తో కట్టినదాన్ని ఏదో ఒకరోజు ఇంకొకరి చెయ్యి ముట్టుకుంటుంది. అందుకే మెప్పు తెచ్చే సొగసు కన్నా ముందు, ఎవరి కంటికీ చెవికీ ఆనని జాగ్రత్తను అందులో బిగించాలి.