ఇసుక దిబ్బ మీద పైడయ్య వాకిలి

అనగనగా ఒక అడవిలో, సముద్రం గురించి వినడమే తప్ప ఎన్నడూ చూడని ముళ్ళపంది ఒకటి ఉండేది. పేరు పైడయ్య. అతని పెళ్ళాం పేరు వరాలు. వాళ్ళకి ఒక సైకిలుంది. ముళ్ళపందికి సైకిలెక్కడిదని అడక్కండి. ఉంది, అంతే. దానికి బెల్లు కూడా ఉంది.

ఆ అడవిలో వాగు రెండు వేసవుల నుంచీ ఎండిపోయి ఉంది. గుక్కెడు నీళ్ళకోసం రోజూ కోసెడు దూరం నడవాలి. వరాలేమో కడుపుతో ఉంది. ఒకరోజు ఆమె నడవలేక దారిలోనే కూర్చుండిపోయింది.

"ఏమయ్యా, పిల్లలు పుట్టేనాటికి నీళ్ళున్న చోట మనకో ఇల్లుండాలి. నాకు ఇంకేమీ వద్దు" అంది.

చెట్టు మీద వాలిన కొంగ ఒకటి ఆ మాట విన్నది.

"తూర్పుగా పోతే సముద్రం వస్తుంది. ఒడ్డున ఇసుక దిబ్బ ఒకటి ఖాళీగా ఉంది. జానెడు లోతు చెలమ తీస్తే చాలు, తియ్యటి నీళ్ళు ఊరతాయి. పక్కనే జీడితోట, తాటితోపు" అని చెప్పింది.

"జీడిపళ్ళు దొరుకుతాయా?" అన్నాడు పైడయ్య.

"తాటిముంజలు దొరుకుతాయా?" అంది వరాలు.

దొరుకుతాయంది కొంగ. ఇంక ఆగుతారా? మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. వరాలు వెనక క్యారేజీ మీద కూర్చుంది. పైడయ్య తొక్కాడు.

ఆ ప్రయాణం ఒకరోజుతో అయ్యేది కాదు. ఇరవై ఆరు రోజులు పట్టింది. మూడుసార్లు టైరు పంచరయ్యింది. మూడుసార్లూ దిగింది పైడయ్య ముల్లే. పాపం, ఎవర్ని తిట్టుకోవాలో తెలియక తనే అతుకు వేసుకున్నాడు. ఎత్తు వచ్చినప్పుడు వరాల్ని కూర్చోబెట్టి సైకిలు తోశాడు. కొండదారిలో ఘాటీ దిగుతుంటే బ్రేకు తెగిపోయింది. కాళ్ళు నేలకి రాస్తూ, బెల్లు కొడుతూ, "తప్పుకోండి, తప్పుకోండి" అని అరుస్తూ కిందిదాకా వచ్చి పడ్డాడు.

ఒక్క విషయంలో మాత్రం అతన్ని మెచ్చుకోవాలి. దారి తెలియని చోట అడగడానికి మొహమాటపడలేదు. మొదటి కూడలిలో కోతిని అడిగాడు. రెండో కూడలిలో ఎద్దుని అడిగాడు. మూడో కూడలిలో మేకపిల్లని అడిగాడు. అదింకా పాలు తాగే పిల్ల. అయినా సైకిలు దిగి, "అమ్మాయీ, సముద్రానికి ఎటు పోవాలి?" అని మర్యాదగా అడిగాడు. ఆ పిల్ల మూతి తిప్పి చూపించింది. ఆ దారే సరైన దారి.

ఇరవై ఆరో రోజు పొద్దున తాటిచెట్ల సందులోంచి నీలంగా ఏదో కనపడింది.

"అంత పెద్ద చీర ఎవరారేశారయ్యా?" అంది వరాలు.

"అది చీర కాదే. సముద్రం" అన్నాడు పైడయ్య. ఇద్దరూ సైకిలు అక్కడే వదిలేసి నీళ్ళదాకా పరుగెత్తారు. అల వచ్చి కాళ్ళు తడిపింది. వరాలు పకపకా నవ్వింది. ఆమె అంతలా నవ్వి రెండు వేసవులయింది.

కొత్తవాళ్ళు వచ్చారని తెలిసి ఒడ్డునున్నవాళ్ళు చూడ్డానికి వచ్చారు. ముందు వచ్చింది నూకాలు అనే ఎర్రపీత. ఆమె వెనకాల ఆమె పిల్లలు వచ్చారు. ఎంతమందో లెక్కపెట్టడం మన వల్ల కాదు. ఆ తర్వాత పోలయ్య అనే నీరుకుక్క వచ్చాడు. ఆయన పెద్దవాడు, మీసాలు నెరిసినవాడు.

"ఏటమ్మా, ఇంతదూరం సైకిలు మీదే వచ్చేసినారా? కడుపుతో ఉన్న పిల్లవి, ముందు కూకో" అంది నూకాలు. చెలమ దగ్గరికి తీసుకెళ్ళి నీళ్ళు పట్టించింది. పోలయ్య తాటితోపులోంచి ముంజలు తెచ్చి పెట్టాడు. వరాలు కళ్ళనీళ్ళతో తింది. సంతోషం ఎక్కువైనా కళ్ళనీళ్ళు వస్తాయి, మీరు పెద్దయ్యాక చూస్తారు.

కొంగ చెప్పిన దిబ్బ అక్కడే ఉంది. దాని మీద ఒక తీగ దట్టంగా అల్లుకుని ఉంది. ఆకులు మేకడెక్కల్లాగా రెండుగా చీలి ఉన్నాయి. అక్కడక్కడా ఊదారంగు పూలు. తవ్వడంలో ముళ్ళపందికి ఎవరు సాటి? రెండు రోజుల్లో పైడయ్య దిబ్బలో చక్కటి బొరియ తవ్వాడు. ఒక గది తమకి, ఒక గది పుట్టబోయే పిల్లలకి. గుమ్మం సముద్రం వైపు పెట్టాడు.

మూడో రోజు బయటికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఇల్లు బాగుంది. వాకిలే బాగాలేదు" అన్నాడు.

"వాకిలికేమైంది?" అంది వరాలు.

"ఈ తీగ చూడు. మా నాన్న ఎప్పుడూ చెప్పేవాడు, ఇంటి ముందు తీగా తుప్పా ఉంటే పాములు చేరతాయని. అడవిలో మన వాకిలి ఎంత శుభ్రంగా ఉండేది? పైగా సైకిలు ఎక్కి తొక్కాలన్నా ఇది చక్రాలకి చుట్టుకుంటోంది. మొత్తం పీకేస్తాను."

"పీకేముందు ఎవర్నయినా ఓ మాట అడుగు."

"నా వాకిలి ఊడ్చుకోడానికి ఒకళ్ళని అడగాలా? ఇరవై ఆరు రోజులు సైకిలు తొక్కినవాణ్ణి. నాకు ఆ మాత్రం తెలీదా?" అన్నాడు పైడయ్య. అని, పీకడం మొదలుపెట్టాడు.

ఆ రోజు నూకాలు అటుగా వచ్చింది. పీకిన తీగ చూసి ఆగింది.

"తమ్ముడూ, ఆ తీగ..." అనబోయింది.

"తీగ సంగతి తర్వాత చూద్దాం అక్కా. ఘాటీలో మా బ్రేకు తెగిన సంగతి చెప్పానా నీకు?" అన్నాడు పైడయ్య. చెప్పాడు. భలే చెప్పాడు. నూకాలు నోరు తెరుచుకుని విన్నది. వినీ వినీ తను ఎందుకొచ్చిందో మర్చిపోయి ఇంటికెళ్ళిపోయింది.

రెండో రోజు పోలయ్య వచ్చాడు.

"ఏటి పైడయ్యా, ఆ తీగని..." అన్నాడు.

"మావా, మూడు పంచర్లూ నా ముళ్ళేనని తెలుసా?" అన్నాడు పైడయ్య. పోలయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన కూడా మర్చిపోయాడు.

మూడో రోజు నూకాలు పిల్లలందరూ వచ్చారు. "బాబాయ్, తీగంతా తీసేస్తే మేము..." అన్నారు. వాళ్ళని సైకిలెక్కించి బెల్లు కొట్టనిచ్చాడు. పిల్లలు ఇంక తీగ మాటెత్తుతారా?

ఆ సాయంత్రానికి వాకిలంతా నున్నగా అయింది. ఒక్క ఆకు లేదు. పీకిన తీగ పెరట్లో కుప్ప పడింది. "ఇప్పుడు చూడు, ఇల్లంటే ఇదీ" అన్నాడు పైడయ్య.

మర్నాడు మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి లేచింది. ఆ ఒడ్డున వేసవిలో రోజూ లేచే గాలే అది. నున్నటి వాకిలి మీద ఇసుక మెల్లగా కదిలింది. సన్నటి ధారగా వచ్చి గుమ్మంలో చేరింది. పైడయ్య తాటాకు తీసుకుని ఊడ్చేశాడు.

రెండో రోజు మోకాలెత్తు ఇసుక వచ్చింది. పొద్దుపోయేదాకా ఎత్తిపోశాడు. చేతులు బొబ్బలెక్కాయి. "కొత్త ఇల్లన్నాక ఇలాగే ఉంటుంది" అన్నాడు. ఆ మాట ఎవరు నమ్మారో తెలియదు. అతను మాత్రం నమ్మలేదు.

మూడో రోజు వరాలు పిల్లల గదిలో పడుకుంది. పైడయ్య జీడిపళ్ళకోసం తోటకి వెళ్ళాడు. సంచీ నింపుకుని తిరిగొచ్చేసరికి గుమ్మం లేదు. గుమ్మం ఉండాల్సిన చోట ఇసుక ఉంది. సైకిలు హేండిల్ దాకా కూరుకుపోయి ఉంది.

పైడయ్య చేతిలో సంచీ జారిపోయింది. "వరాలూ" అని పిలిచాడు. లోపల్నుంచి సన్నగా, చాలా సన్నగా, "ఏమయ్యా" అని వినిపించింది.

తవ్వాడు. రెండు చేతులా తవ్వాడు. అడవి మట్టి అయితే తవ్విన చోట ఆగుతుంది. ఇది ఇసుక. ఎంత తీస్తే అంత జారి పడుతోంది. అతనికి ప్రాణం పోయినంత పనయింది. ఇసుకలో పైకి తేలి ఉన్న బెల్లు కనపడింది. గబగబా వెళ్ళి దాన్ని ఆపకుండా కొట్టాడు.

బెల్లు విని నూకాలు వచ్చింది. పిల్లలు వచ్చారు. పోలయ్య ఈదుకుంటూ వచ్చి ఒడ్డెక్కాడు.

"నువ్వు పక్కకి రా తమ్ముడూ. ఇసుక మా పని" అంది నూకాలు. పీతలన్నీ వరసకట్టాయి. ముందున్నది తవ్వి వెనక్కి అందిస్తే, వెనకున్నది ఇంకా వెనక్కి అందించింది. పోలయ్య తడి ఇసుక తెచ్చి పక్కలకి మెత్తాడు, జారకుండా. చూస్తుండగానే గుమ్మం తెరుచుకుంది. వరాలు బయటికొచ్చింది. ముక్కులో ఇసుక, ముళ్ళ సందుల్లో ఇసుక. దగ్గి, తుమ్మి, ఊపిరి పీల్చుకుంది. పైడయ్య ఆమె కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చేశాడు.

వరాలు అతన్ని తిట్టలేదు. ఒక్క మాట మాత్రం అంది.

"ఇరవై ఆరు రోజులూ కనపడిన ప్రతివాళ్ళనీ దారి అడిగావు. పాలు తాగే మేకపిల్లని కూడా అడిగావు. అందుకే ఇక్కడిదాకా వచ్చాం. వచ్చాక ఒక్కళ్ళని ఒక్క మాట అడగలేదయ్యా."

పైడయ్యకి సిగ్గేసింది. లేచి నూకాలు ముందు నిలబడ్డాడు.

"అక్కా, ఆ తీగ అక్కడెందుకుంది?"

"ఇన్నాళ్ళకి అడిగినావా బాబూ" అంది నూకాలు. "అది పనికిరాని తీగ కాదు. ఇసుకకి కట్టిన పగ్గం. దాని కణుపు కణుపుకీ వేరు దిగుతాది. గాలెంత కొట్టినా ఇసకని కదలనివ్వదు. ఈ ఒడ్డున ఎవుల ఇల్లు నిలబడ్డా దాని చలవే."

"మూడు రోజులూ అదే చెప్పాలనొచ్చాం" అన్నాడు పోలయ్య మీసాలు సవరించుకుంటూ. "నీ పంచర్ల కథలో పడి మరిచిపోనాం. మా తప్పూ ఉందిలే."

"మళ్ళీ మొలుస్తుందా మావా?" అన్నాడు పైడయ్య. అది అతని రెండో ప్రశ్న.

"నాటితే మొలుస్తాది."

"ఎలా నాటాలి?" అది మూడోది.

మూడింటికీ జవాబు దొరికాక పని మొదలైంది. పెరట్లో కుప్ప ఎండిపోయింది. పక్క దిబ్బల మీద తీగ దట్టంగా ఉన్న చోట్ల కొంచెం కొంచెం కోసుకోమన్నాడు పోలయ్య. పైడయ్య సైకిలు తవ్వి తీసి, ఇసుక దులిపి, రోజూ క్యారేజీ నిండా తీగ ముక్కలు తెచ్చాడు. పీతపిల్లలు గుంటలు తీశారు. పైడయ్య నాటాడు. పోలయ్య చెలమ నీళ్ళు పోశాడు. గాలి తగలకుండా సముద్రం వైపు తాటాకు దడి కట్టారు. పని చేస్తూ ఒకళ్ళనొకళ్ళు వేళాకోళాలాడుకున్నారు.

అన్నాళ్ళూ పైడయ్యా వరాలూ పోలయ్య ఇంట్లోనే ఉన్నారు. మంచి ఇల్లు. చేపల వాసనొకటే కష్టం. వరాలు ముక్కు మూసుకుని నిద్రపోవడం నేర్చుకుంది.

తొలకరి పడింది. ఒక ముక్క కణుపు దగ్గర చిన్న ఆకు విచ్చింది. రెండుగా చీలిన మేకడెక్క ఆకు. పైడయ్య దాని ముందు బోర్లా పడుకుని పొద్దంతా చూశాడు. ఆ తర్వాత తీగ పాకిన వేగం చూడాలి. ఈ వారం ఇక్కడుంటే వచ్చే వారం అక్కడ. గాలి వచ్చి ఆకుల్ని ఊపి పోయింది. ఇసుక మాత్రం కదల్లేదు.

పైడయ్య బొరియ బాగుచేశాడు. ఈసారి గుమ్మం ఏ వైపు పెట్టాలో నూకాల్ని అడిగి, గాలికి వెనకవైపు పెట్టాడు. ఆ కొత్త ఇంట్లోనే పిల్లలు పుట్టారు, ఇద్దరు. పుట్టినప్పుడు ముళ్ళపంది పిల్లల ముళ్ళు మెత్తగానే ఉంటాయి. అందుకని ఆ ఒక్కరోజూ పీతపిల్లలందరూ వాళ్ళని వంతులవారీగా ఒళ్ళో పెట్టుకున్నారు.

వాకిట్లో ఊదారంగు పూల మధ్య అందరూ భోజనాలకి కూర్చున్నారు. ఎండబెట్టి దాచిన జీడిపళ్ళు, తాటిపళ్ళు, పోలయ్యకి మాత్రం చేపలు. తిన్నాక పోలయ్య వెనక్కి వాలి, "పైడయ్యా, ఆ ఘాటీ కథ మళ్ళీ సెప్పు" అన్నాడు.

పైడయ్య నోరు తెరిచాడు. చెప్పాలని చాలా ఉంది. కానీ ఆగాడు. నూకాలు వైపు తిరిగాడు.

"నా కథ అందరూ విన్నదే. అక్కా, నువ్వు ఈ ఒడ్డుకి ఎలా వచ్చావు?"

"నన్నెవులూ ఎప్పుడూ అడగలేదు తమ్ముడూ" అంది నూకాలు. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది. అది ఒక పెద్ద అల కథ. పొడుగాటి కథ. పైడయ్య ఒక బిడ్డని, వరాలు ఒక బిడ్డని ఒళ్ళో పెట్టుకుని విన్నారు. మధ్యలో ఒక్కసారి కూడా పైడయ్య తన సైకిలు మాటెత్తలేదు.

నీతి: కొత్త చోటికి వెళ్ళినప్పుడు, అక్కడున్న దేన్నయినా పీకేముందు అది ఎందుకుందో అక్కడివాళ్ళని అడగాలి. అడిగి, వాళ్ళు చెప్పేదాకా ఆగాలి.