గాదెలో మీసాల మావ

అనగనగనగా, ఏటికి అవతల ఒక ఊళ్ళో గవరమ్మ అని ఒకావిడ ఉండేదమ్మా. ఆవిడకి బొమ్మలు గియ్యడమంటే ప్రాణం. గియ్యడం వచ్చా అంటే, అబ్బే, ఓనమాలు కూడా రావు. అయినా బొమ్మ గియ్యని రోజు ఆవిడకి ముద్ద దిగేది కాదు.

ఒకరోజు వీధి గోడ మీద సున్నంతో ఆవుని గీసింది. దారినపోయేవాళ్ళు ఆగి, మంచం బాగుంది, నవారుదా నులకదా అని అడిగారు. ఆవిడ మొగుడు అప్పలస్వామికి తల కొట్టేసినట్టయింది. పేడ తెచ్చి గోడంతా అలికేశాడు.

ఆ తర్వాత పెరటి గోడ మీద నెమలిని గీసింది. పక్కింటావిడ తొంగిచూసి, ఈ చీపురు ఏ సంతలో కొన్నావంది. నవ్వకు మరి, పాపం గవరమ్మ ఎంత ముచ్చటపడి గీసిందో. అప్పలస్వామి ఈసారి సున్నం కుండనే ఏట్లో పారేసి, ఇంకెక్కడైనా నీ గీత నా కంటబడితే ఊరుకోనన్నాడు. గవరమ్మకి రెండు రోజులు అన్నం సయించలేదు. చేతులు ఒకటే దురద.

అప్పుడు కొత్త వడ్లు ఇంటికొచ్చాయి. వడ్లు పొయ్యాలంటే ముందు గాదె లోపల మట్టీ పేడా కలిపి అలకాలి కదా. గాదె కంత చిన్నది, అప్పలస్వామి పొట్ట పెద్దది. అందుకని బుడ్డిదీపం పట్టుకుని గవరమ్మే దూరింది. దూరేముందు మొగుడి తాంబూలం సంచిలోంచి సున్నం డబ్బా తీసి నడుముకి దోపుకుంది.

మధ్యాహ్నం అప్పలస్వామి ఆకు వేసుకుందామంటే సున్నం లేదు. ఇల్లంతా వెతికి, చివరికి గాదెలో తల దూర్చాడు. ఎదురుగా గోడ మీద తెల్లగా ఇంత లావు బొమ్మ.

"ఇదేమిటే, గుమ్మడికాయా?"

"నువ్వే మావా."

అప్పలస్వామికి ఒళ్ళు మండిపోయి తల వెనక్కి లాక్కోబోతే, అది కాస్తా కంతలో ఇరుక్కుపోయింది. అలాగే ఉండి, రేపు వడ్లు పోసేస్తే దీన్ని ఎవరు చూస్తారే అని అరిచాడు.

"ఎవరో చూడాలని గియ్యలేదు మావా. గీస్తుంటే నాకు బాగుంటుంది, అంతే. నువ్వు కదలకు, ఇంకా మీసాలు మిగిలాయి."

పాపం, కదలడానికి వీలెక్కడిది? మీసాలు పూర్తయ్యాకే ఆవిడ ఆ తల అటూ ఇటూ తిప్పి బయటికి తోసింది.

మర్నాడు వడ్లు పోశారు. ముందు పొట్ట మునిగింది, ఆ తర్వాత మెడ, ఆఖరికి మీసాలు. ఏడాదంతా తిన్నాక గాదె మళ్ళీ ఖాళీ అయింది. అలకడానికి గవరమ్మ లోపలికి దిగింది. అప్పలస్వామి బయట కాస్సేపు అటూ ఇటూ తిరిగి, నెమ్మదిగా అడిగాడు.

"ఏమే, నా మీసాలున్నాయా?"

"ఒక్క గీతా లేదు మావా, వడ్లు రాసుకుని అంతా పోయింది. మళ్ళీ గోడంతా నాదే."

అబ్బ, అప్పుడు చూడాలి గవరమ్మ సంబరం. అప్పలస్వామి తన సున్నం డబ్బా తీసి కంతలోంచి లోపలికి అందించాడు. ఆ మధ్యాహ్నం ఆకు చప్పగానే నమిలాడు.

వడ్లేమో గాదెకి,
కథేమో కంచికి,
కునుకేమో నీ కంటికి.