వడిసెల రాళ్లు పడిన చేను

అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పే అలవాటు మా పర్వతమ్మ మేడమ్‌కు లేదు. ప్రశ్న వినగానే చెప్పులు తొడుక్కుంటారు, అడిగినవాళ్లను వెంట రమ్మంటారు. ఆలూరు వైపు ఆమె దగ్గర నర్సు పని నేర్చుకున్న ఆడపిల్లలందరికీ ఈ సంగతి తెలుసు.

ఆ ఏడాది వాళ్లలో నీలవేణి అనే పిల్లకు క్రోన్స్ జబ్బు బయటపడింది. పేగు లోపల పుండ్లు. తింటే నొప్పి, తినకపోతే నీరసం. ఒంటిని కాయాల్సిన తెల్లకణాలే ఒకదాన్నొకటి పిలుచుకుని పేగు మీద పడుతున్నాయని, ఆ పిలుపును అణిచే సూది వేయించుకోవాలని పెద్దాసుపత్రిలో చెప్పారు. నీలవేణి ఒప్పుకోలేదు. రోజురోజుకూ చిక్కిపోతోంది.

"నా ఒంట్లోనే నాకు పగవాళ్లుంటే సూది ఏం చేస్తుంది మేడమ్? అసలు వాటికి నా మీద ఏం కోపం?" అని అడిగింది.

మేడమ్ చెప్పులు తొడుక్కున్నారు.

ఊరి బయట ఓబులేసు జొన్నచేను గింజ పట్టి ఉంది. ఈ కొస మంచె మీద ఓబులేసు, ఆ కొస మంచె మీద అతని తమ్ముడు సుంకన్న. ఒకరు హోయ్ అంటే రెండోవాళ్లు అటు వడిసెలతో రాయి విసరాలి, నిలబడి చూస్తూ ఉండకూడదు. అది వాళ్ల ఇంటి పద్ధతి. ఇద్దరి గొంతులూ బొంగురుపోయాయి. అయినా అరుపు ఆగలేదు, రాయి ఆగలేదు.

"చిలకల గుంపు పడిందక్కా," అన్నాడు ఓబులేసు మంచె దిగి. "ఎంత తోలినా పోవు. చూడు, కంకులెట్ల విరిగి పడినాయో. ఇట్లయితే ఈ ఏడు మాకు గింజలుండవు."

చేను నడుమ కంకులు నిజంగానే విరిగి ఉన్నాయి. మేడమ్ నీలవేణి వైపు చూశారు. నీలవేణి వంగి చూసింది. గింజలన్నీ నేల మీదే రాలి ఉన్నాయి, ఒక్కటీ తిన్నట్టు లేదు. పక్కనే గులకరాళ్లు.

"ఓబులేసూ, చిలకను కళ్లారా చూసిందెప్పుడు?" అన్నారు మేడమ్.

అతను తల గోక్కున్నాడు. "మొదట్లో చూస్తినక్కా. ఇప్పుడు సుంకడు అరుస్తాడు, నేను ఇసురుతా."

సుంకన్నను పిలిచి అడిగితే అతను నీళ్లు నమిలాడు. "నువ్వు ఇసిరినాక కంకులు ఊగుతాయి కదన్నా. పిట్టలేమోనని అరుస్తా."

"ఓరి నీ అరుపు పాడుగాను," అన్నాడు ఓబులేసు. "మన చేను మనమే కొట్టుకుంటిమి కదరా. ఉండు, ఈ మంచెలు ఇప్పుడే పీకేస్తా."

"పీకేస్తే రేపు నిజంగా గుంపు వస్తే?" అన్నారు మేడమ్. "మంచెలుండనీ. ఒకరి అరుపు విని ఇంకొకరు విసరడం మానండి. పిట్టను చూసినవాళ్లే విసరండి."

ఆ మాట మీద అన్నదమ్ములు మళ్లీ మంచెలెక్కారు. చేను మీద చప్పుడు తగ్గింది. విరిగిన కంకులు విరిగినట్టే ఉన్నాయి, నిలబడినవి నిలబడే ఉన్నాయి.

తిరిగి వస్తూ ఊరు దగ్గరపడ్డాక నీలవేణి మెల్లగా, "నా తెల్లకణాలను నేను రోజూ తిట్టుకుంటున్నాను మేడమ్," అంది.

"పాపం, తిట్టకు," అన్నారు పర్వతమ్మ మేడమ్. "అంత నమ్మకంగా కాసేవాళ్లు ఎవరికి దొరుకుతారే? చిలకలు వెళ్లిపోయాయని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే."