మూడోసారి అడిగిన పూలు

మా పెద్దమ్మ వేదవల్లి కాలేజీలో గణాంకశాస్త్రం చెప్పి, రిటైరయ్యాక గోదావరి నడుమ లంకలో స్థిరపడింది. ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబు చెప్పేది కాదు. "పద, అలా వెళ్ళొద్దాం" అని లేచేది. సగం మంది ఆ దారిలోనే ప్రశ్న మరిచిపోతారని మా ఇంట్లో నవ్వుకునేవాళ్ళం.

ఒక మార్గశిర లక్ష్మివారం, తెల్లవారుతూనే, ఆమె దగ్గర చదువుకున్న సంహిత వచ్చింది. ఆ పిల్ల ఒక చిన్న సాఫ్ట్‌వేర్ లైబ్రరీ రాసుకుంది. ముందుగా చెప్పలేని సంగతులను కంప్యూటర్లో జరిపించి చూపే పనిముట్టు అది. రేవుకి జనం ఎప్పుడెప్పుడు వస్తారు, మంచు ఎప్పుడు విడుతుంది, జనాన్ని ఏరు దాటించే పంటు ఇంజను ఎప్పుడు మొరాయిస్తుంది, అన్నీ అందులో పాచికలు పడ్డట్టు పడతాయి. మొదట ఒక అంకె ఇస్తే ఒక రోజు నడుస్తుంది. అంకె మారిస్తే ఇంకో రోజు.

లంక రేవులో ఉన్న రెండు పంటుల్లో ఒకటి తీసేయవచ్చా అని సంహిత ఆఫీసులో పైవాళ్ళు ఆమెను లెక్క కట్టమన్నారు. తీసేయవచ్చన్న మాటే వాళ్ళకి ఇష్టం. అది చెబితే ఆమె ఉద్యోగం ఖాయమవుతుంది. అయితే ఒక్క పంటుతో నడిపినప్పుడు చాలా అంకెలకి, పొద్దుగూకేసరికి ఎవరో ఒకరు ఒడ్డున మిగిలిపోతున్నారు. వెతగ్గా వెతగ్గా ఒక అంకెకి అందరూ దాటారు. ఆ అంకెకి నడిచిన రోజునే వాళ్ళకి చూపించాలనుకుంది గానీ మనసు ఒప్పలేదు.

"ఏ అంకైనా కాకతాళీయమే కదా మేడమ్. అలాంటప్పుడు నాకు నచ్చింది తీసుకుంటే తప్పేమిటి?" అని అడిగింది.

పెద్దమ్మ యథాప్రకారం లేచింది.

బయట మంచులో కొబ్బరిచెట్లకి మొదళ్ళే ఉన్నాయి, తలలు లేవు. ఎవరివో మాటలు మనిషి లేకుండా దారికి అడ్డంగా నడిచిపోతున్నాయి. గోదావరి ఎటుందో చప్పుడును బట్టి తెలుసుకోవలసిందే. తను నడవడం లేదనీ, ఎవరి కలలోనో తనని నడిపిస్తున్నారనీ అనిపించిందని సంహిత తరవాత మాతో చెప్పింది.

వాళ్ళు వెళ్ళింది మంగాయమ్మగారింటికి. ఆవిడ కోడలు చంద్రకళకి నెలలు నిండాయి. ముందుగానే వచ్చి ఆసుపత్రిలో చేరమని అవతలి ఒడ్డు డాక్టరమ్మ చెప్పింది. తన బిడ్డలందరూ ఈ ఇంట్లోనే, అమ్మవారి చల్లని చూపులో పుట్టారు కనుక మనవడూ ఇక్కడే పుట్టాలని మంగాయమ్మగారి పంతం. చివరికి అమ్మవారినే అడుగుదామనుకున్నారు. ఒక తమలపాకులో తెల్లపువ్వు, ఇంకోదానిలో ఎర్రపువ్వు మడిచి పీట మీద పెట్టారు. తెలుపు వస్తే ఇంట్లోనే, ఎరుపు వస్తే ప్రయాణం. కన్నెపిల్ల, పైగా పరాయిపిల్ల కనుక సంహితను తియ్యమన్నారు.

ఆమె కళ్ళు మూసుకుని తీసింది. ఎరుపు.

మంగాయమ్మగారు, పిల్ల చెయ్యి కడుక్కోలేదేమో అంది. కడుక్కుని మళ్ళీ తీసింది. ఎరుపే. దీపం రెపరెపలాడింది, అది లెక్కలోకి రాదంది. వత్తి ఎగదోసి మళ్ళీ మడిచారు. ఈసారి తెలుపు వచ్చింది.

"అమ్మ పలికింది తల్లీ" అని మంగాయమ్మగారు కళ్ళకద్దుకుంది. ఆ కళ్ళలో నీళ్ళు నిజమైనవే.

గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ చంద్రకళ నెమ్మదిగా అంది. "మరి ముందు రెండుసార్లు పలికిందెవరు అత్తయ్యా?"

సంహిత తన చేతిలోని తెల్లపువ్వును ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుంది. కోడి కూయక ముందునుంచే నొప్పులు వస్తున్నాయని అప్పుడు చెప్పింది చంద్రకళ. అత్తగారు చదువుకున్న కోడళ్ళ నోళ్ళ గురించి ఏదో గొణుగుతూనే లోపలికి వెళ్ళి, తన శాలువా తెచ్చి కోడలికి కప్పింది. అమ్మవారి బొట్టు తీసి నుదుట పెట్టింది. సంచీ తనే పట్టుకుంది.

అందరూ రేవుకి వచ్చేసరికి మొదటి పంటు వెళ్ళిపోయింది. దాని చప్పుడు మాత్రం మంచులో ఇంకా మెదులుతోంది. అది అవతలి ఒడ్డు చేరి తిరిగి రావడం ఈ మంచులో ఎప్పటికో అన్నాడు రేవు కాపలా మనిషి. చంద్రకళ మంగాయమ్మగారి భుజం గట్టిగా పట్టుకుంది. ఒడ్డునే కట్టి ఉన్న రెండో పంటు మోకు విప్పారు. అత్తాకోడళ్ళు ఎక్కి కూర్చున్నారు. వాళ్ళ ముఖాలు అప్పుడే మసకబారుతున్నాయి.

సంహిత పంటు ఎక్కే బల్ల మీద ఒక కాలు పెట్టి ఆగిపోయింది. ఏదో అడగబోయి పెద్దమ్మ వైపు తిరిగింది.

"ఎక్కు తల్లీ" అంది పెద్దమ్మ. "నీ ప్రశ్న అప్పటికీ మిగిలుంటే, అవతలి ఒడ్డున చెబుతాను."